సైకిల్ పంపులాగే ఉంటుంది... కానీ!

తిరునాళ్లలో బెలూన్ల అంగడి ముందు ఆగని వాళ్లు ఎవరుంటారు? లేపాక్షిలో శివరాత్రి కావచ్చు, పెనుకొండలో బాబయ్య ఉరుసు కావచ్చు, ధర్మవరంలో చెన్నకేశవస్వామి తేరు కావచ్చు... రంగులరాట్నం, బొరుగుల బండి, ఆ పక్కనే ఓ చెక్కపలక. దానికి వరసలుగా కట్టిన బెలూన్లు. ముందు బల్లమీద ఒకటో రెండో ఎయిర్‌గన్‌లు. ఎంతో గురి చూసి కొడతాం. గుండు మాత్రం రెండు బెలూన్ల సందులోంచి దూరిపోతుంది. ‘గన్నే వంకర’ అని సణుక్కుంటూ పక్కకి జరుగుతాం. చాలాసార్లు వంకర ఉండేది గొట్టంలో కాదు. ఏళ్ల తరబడి పట్టించుకోని స్క్రూల్లో, అరిగిన వాషర్లో, ఓపిక అయిపోయిన స్ప్రింగులో!

అలాంటి గన్నులు ఇళ్లలోనూ ఉంటాయి. చేలో మంచె వేసుకుని వడిసెలతో పిట్టల్ని తోలే అలవాటు తగ్గాక కొందరు రైతులు వీటిని కొన్నారు. ‘పిట్టల తుపాకి’ అని పేరూ పెట్టారు. ఇప్పుడవి ఏ అటకమీదో, గోడ మేకుకో ఉంటాయి. వేసవి సెలవులకి పిల్లలు రాగానే కిందికి దిగుతాయి. మడత పెడితే కరకరమంటాయి. గుండు పెట్టి కొడితే పది గజాల్లోనే నేలకి దిగిపోతుంది. ఇంట్లో కాస్త పని తెలిసిన వాళ్లుంటే వెంటనే అనే మాట ఒకటుంది. ‘ఏముందిరా ఇందులో, సైకిల్ పంపులాంటిదే. విప్పేద్దాం పట్టు!’

ఆ మాట సగం నిజం. ఆ సగం తెలిస్తే గన్నుకి కావాల్సిన సేవ చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు. మిగతా సగం తెలియకపోతే వేళ్లకీ, కళ్లకీ ముప్పు. ఈ వారం ఆ రెండు సగాల సంగతీ చూద్దాం.

లోపల ఏముంది?

సైకిల్ పంపుని గుర్తు తెచ్చుకోండి. ఒక గొట్టం, అందులో ఒక కడ్డీ, కడ్డీ చివర తోలు వాషర్. చేత్తో నొక్కితే గాలి కుదించుకుపోయి సన్నటి రంధ్రంలోంచి ట్యూబులోకి పోతుంది. వెనకటి కిరసనాయిలు పంపు స్టవ్వుదీ ఇదే పద్ధతి. వాషర్ ఎండిపోతే రెండు చుక్కల కొబ్బరినూనె వేసి మెత్తబరచడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పనే.

ఎయిర్‌గన్‌లోనూ గొట్టం ఉంది, పిస్టన్ ఉంది, దాని ముందు వాషర్ ఉంది. తేడా అల్లా నొక్కేది మన చెయ్యి కాదు, స్ప్రింగు. బ్యారెల్‌ని కిందికి మడిచినప్పుడు దానికి కలిపి ఉన్న లివర్ పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది. దాని వెనకున్న స్ప్రింగు నలిగి కూర్చుంటుంది. ట్రిగ్గర్ దగ్గరున్న చిన్న కొక్కెం పిస్టన్‌ని పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం వదిలేస్తుంది. స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి విసురుతుంది. ముందున్న గాలి ఒక్కసారిగా కుదించుకుపోయి సన్నటి దారి గుండా వెళ్లి గుండుని తోస్తుంది. ఇదంతా జరగడానికి పట్టేది సెకనులో దాదాపు నూరో వంతు!

పిస్టన్ ముందుకి దూకినప్పుడు గన్ను వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగినప్పుడు మళ్లీ ముందుకి తంతుంది. మామూలు తుపాకి ఒకవైపే తంతే ఇది రెండువైపులా తంతుందన్నమాట. స్క్రూలు వదులయ్యేది అందుకే. గురి తప్పేదీ అందుకే.

ఇక్కడే మరో సంగతి. గుండు పెట్టకుండా ఉత్తుత్తిగా కొట్టడం పిల్లలకి సరదా. గుండు ఉంటే అది గొట్టానికి బిరడాలా అడ్డుండి, ముందున్న గాలి పిస్టన్‌కి మెత్తలా పనిచేస్తుంది. గుండు లేకపోతే గాలి ఇట్టే జారిపోయి పిస్టన్ వెళ్లి గొట్టం చివర్న ఢీకొంటుంది. అలా కొడుతూ పోతే వాషర్ చితుకుతుంది, స్ప్రింగు విరుగుతుంది. గన్ను పాడవడానికి అతి సులువైన దారి ఇదే!

విండ్‌మిల్లు కొంటే గన్ను ఉచితం

రైతుకీ ఎయిర్‌గన్‌కీ సంబంధం ఈనాటిది కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ప్లిమత్ అనే ఊరుంది. అక్కడ రైతులకి ఇనుప గాలిమరలు అమ్మే కంపెనీ ఒకటి, 1888లో తన గాలిమర కొన్నవాళ్లకి చిన్న ఎయిర్‌గన్‌ని కానుకగా ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి రైతులు మరల కన్నా గన్నులే ఎక్కువగా అడగసాగారు. చివరికి 1895లో కంపెనీ గన్ను పేరే పెట్టుకుంది. అదే ‘డైసీ’!

ఆటగానూ ఇది చిన్నదేం కాదు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నుంచి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ఉంది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా మనదేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఈ పోటీలోనే. 2012 లండన్‌లో హైదరాబాద్‌కి చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ ఇందులోనే. పది పాయింట్లు వచ్చే నడిమి చుక్క వెడల్పు ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు! అయితే ఇప్పుడు ఆ క్రీడాకారుల రైఫిళ్లలో స్ప్రింగు ఉండదు. ముందే నింపిన గాలి సిలిండరు ఉంటుంది. స్ప్రింగు తన్నులుండవు కాబట్టే అంత సూటిగా కొట్టగలుగుతున్నారు.

ఇంట్లో చేసుకోదగ్గ పనులు

గన్ను చేతిలోకి తీసుకోగానే మొదటి పని, లోపల గుండు ఉందేమో, స్ప్రింగు ఎక్కించి ఉందేమో చూడటం. ఎక్కించి ఉంటే చేత్తో దించే ప్రయత్నం చెయ్యకండి. గుండు పెట్టి, ఇసక నింపిన మందపాటి పెట్టెలోకి దగ్గర్నుంచి కొట్టి ఖాళీ చెయ్యడమే మేలు. ఆ తర్వాతే మిగతా పనులు.

స్క్రూలు: ముందు కట్టె భాగానికి రెండు పక్కలా చెరొకటి, ట్రిగ్గర్ దగ్గర ఒకటో రెండో స్క్రూలుంటాయి. వందా రెండొందల గుండ్లు కొట్టేసరికి ఇవి వదులవుతాయి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో బిగించండి. మరీ బలంగా తిప్పితే కట్టె చీలుతుంది. గుండ్లు చెల్లాచెదరుగా పడుతున్న గన్నుల్లో చాలా వాటికి వైద్యం ఇంతే.

గొట్టం: లోపల మెలికలు తిరిగిన సన్నటి గాళ్లుంటాయి. గుండుని తిప్పుతూ పంపేవి అవే. ఇనుప ఊచ దూర్చితే అవి గీసుకుపోతాయి. గట్టి నైలాను దారాన్ని మడత దగ్గర్నుంచి మూతి వైపుకి పంపి, దాని కొసకి పాత బనీను గుడ్డ ముక్క కట్టి మెల్లగా లాగండి. గుడ్డ నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా నాలుగైదుసార్లు మార్చండి. అది సీసం మసి. కాబట్టి పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గుండ్లని నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి వేసే అలవాటు కొందరికుంది. సీసం విషం. పిల్లల్ని అసలు అలా చెయ్యనివ్వకండి.

మడత: బ్యారెల్ మడిచే ఇరుసు దగ్గర, లివర్ కీలు దగ్గర ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. పైకి కారినది తుడిచెయ్యండి. చెమట చేతులతో పట్టుకున్న ఇనుముకి తుప్పు పడుతుంది. నూనె గుడ్డతో ఓసారి బయటంతా తుడిస్తే సరి.

గాలి లీకు: బ్యారెల్ మూసినప్పుడు అతికే చోట చిన్న రబ్బరో తోలో రింగు ఉంటుంది. ఆ అతుకు మీద పల్చటి టిష్యూ కాగితం ముక్క ఉంచి, గుండు పెట్టి ఇసక పెట్టెలోకి కొట్టండి. కాగితం ఎగిరి పడితే గాలి అక్కడినుంచే పోతోందని అర్థం. అదే కొలత రింగు మారిస్తే సగం బలం తిరిగొస్తుంది. దీనికి గన్ను విప్పక్కర్లేదు.

పైన చెప్పిన వాటిలో ఏది చేస్తున్నా ఒకటి గుర్తుంచుకోండి. బ్యారెల్ మడిచి ఉండగా ట్రిగ్గర్ జోలికి వెళ్లకూడదు. స్ప్రింగు వదిలితే బ్యారెల్ కొరడాలా పైకి లేస్తుంది. మధ్యలో వేళ్లుంటే నలిగిపోతాయి. లేకపోయినా బ్యారెల్ వంగుతుంది, కట్టె పగులుతుంది. గుండు పెట్టేటప్పుడు కూడా రెండో చెయ్యి బ్యారెల్‌ని పట్టుకునే ఉండాలి. కొక్కెం అరిగిన పాత గన్నులు ట్రిగ్గర్ నొక్కకుండానే వదిలేస్తాయి.

నూనె వేస్తే డీజిల్ ఇంజను!

గన్నులో బలం తగ్గిందనగానే చాలామంది గాలి రంధ్రంలోంచి ఇంత కొబ్బరినూనో, కిరసనాయిలో పోస్తారు. ఆ తర్వాత కొట్టిన మొదటి గుండు ‘ఢాం’మని పేలుతుంది. మూతి దగ్గర పొగ వస్తుంది. ‘చూశావా, పవర్ వచ్చేసింది!’ అని సంబరపడతారు.

మీకు తెలిసిన ట్రాక్టరు మెకానిక్కుని అడగండి, అసలు సంగతి చెప్పేస్తాడు. డీజిల్ ఇంజనుకి స్పార్క్‌ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా కుదిస్తే అది వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. గన్నులో జరిగిందీ అదే. కుదించుకుపోయిన గాలి వేడికి నూనె ఆవిరి అంటుకుని పేలింది. ఆ పేలుడు గుండునే కాదు, పిస్టన్‌ని కూడా వెనక్కి తోస్తుంది. వాషర్ కాలుతుంది, స్ప్రింగు దెబ్బతింటుంది. ఇక కొబ్బరినూనె కథ వేరు. చలికాలంలో గడ్డకడుతుంది, నాలుగు నెలలకి జిగురవుతుంది. పంపు స్టవ్వుకి పనికొచ్చింది ఇక్కడ పనికిరాదు.

పాత గన్నుకి తోలు వాషర్ ఉంటే కొన్ని నెలలకోసారి ఒకటి రెండు చుక్కలు, అదీ తేలిగ్గా అంటుకోని సిలికాన్ నూనె వేసి రాత్రంతా నిలబెట్టి ఉంచితే చాలు. సింథటిక్ వాషర్ ఉన్న కొత్త గన్నులకి అదీ అక్కర్లేదు. ఏ రకమో తెలియకపోతే వెయ్యకపోవడమే మంచిది.

ఇక్కడ ఆగండి

ఇప్పుడు ఆ మిగతా సగం సంగతి. సైకిల్ పంపు మూత విప్పితే కడ్డీ మెత్తగా చేతికొస్తుంది. ఎందుకంటే మనం నొక్కనంతసేపూ అందులో బలమేమీ లేదు. ఎయిర్‌గన్ అలా కాదు. బ్యారెల్ మడవకుండా ఊరికే గోడకి వేలాడుతున్నప్పుడు కూడా లోపలి స్ప్రింగు కొంత నలిగే ఉంటుంది. బయటికి తీసిన స్ప్రింగు గొట్టంలో దానికున్న చోటు కన్నా పొడుగు. కొన్నిటిలో అంగుళం, కొన్నిటిలో మూడంగుళాల దాకా ఎక్కువ. దాన్ని లోపల కుక్కి పట్టి ఉంచేది వెనక ఉన్న ట్రిగ్గర్ దిమ్మ. ఆ దిమ్మని పట్టి ఉంచేది ఒకటి రెండు పిన్నులు, లేదా మరల మూత. అంతే!

స్టాక్ విప్పి, ‘ఈ పిన్ను ఏంటో చూద్దాం’ అని సుత్తితో కొట్టి బయటికి తోశామనుకోండి. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో పిన్ను ఊడుతుంది. ఇనుప దిమ్మ, దాని వెనక స్ప్రింగు ఎదురుగా ఉన్నదాని మీదికి దూకుతాయి. వంగి చూస్తున్న మనిషి ముఖం సరిగ్గా అక్కడే ఉంటుంది. ‘నువ్వు గట్టిగా పట్టుకో, నేను పిన్ను తీస్తా’ అని ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టడం మరీ ప్రమాదం. ఒకరికి తగిలేది ఇద్దరికి తగులుతుంది.

తెలిసిన మెకానిక్కులు దీనికి స్ప్రింగు కంప్రెసర్ వాడతారు. పొడుగాటి దిట్టమైన చట్రం, ఒక చివర గన్ను ఆనడానికి అడ్డు, రెండో చివర పెద్ద మరబోల్టు. బోల్టు తిప్పి దిమ్మని కాస్త లోపలికి నొక్కుతారు. పిన్ను మీద బరువు పోయి అది వేలితో తోసినా వచ్చేస్తుంది. ఆ తర్వాత బోల్టుని ఒక్కో చుట్టూ వెనక్కి తిప్పుతూ స్ప్రింగుని నిదానంగా చాచి, పూర్తిగా నిద్రపుచ్చి బయటికి తీస్తారు. బిగించేటప్పుడు ఇదే వరస తలకిందులుగా. కొత్త వాషర్‌ని ఎక్కించేటప్పుడు గొట్టానికున్న లివర్ సందు అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని నున్నగా చెయ్యకపోతే వాషర్ అక్కడే కోసుకుపోతుంది. స్ప్రింగుకి గ్రీజు పల్చగా పట్టించాలి. ఎక్కువైతే అదీ ముందుకి పాకి పేలేదే.

కాబట్టి గీత ఎక్కడ గీసుకోవాలో స్పష్టం. స్టాక్ విప్పి దుమ్ము దులపడం దాకా ఇంటి పని. ట్రిగ్గర్ దిమ్మ పిన్ను దగ్గర్నుంచి అవతల, కంప్రెసర్ ఉండి, దాన్ని వాడటం నేర్చినవాళ్ల పని. మడిచేటప్పుడు కరకరలాడటం, కొట్టగానే లోపల ‘జయ్’మని మోగడం, గుండు బలం సగానికి పడిపోవడం... ఇవి స్ప్రింగు విరిగిందనో, వంగిందనో చెప్పే గుర్తులు. అవి కనిపిస్తే గన్నుని వాడటం ఆపి ఎయిర్‌గన్‌లు అమ్మి, బాగుచేసే చోటికి పంపండి. ట్రిగ్గర్ తేలిగ్గా కదలాలని కొక్కేన్ని ఆకురాయితో రుద్దే పని మాత్రం ఎవరు చేస్తామన్నా వద్దనండి. అలా రుద్దిన గన్ను ఎప్పుడు పేలుతుందో దానికే తెలియదు.

గట్టి స్ప్రింగు వేస్తే?

‘ఎలాగూ విప్పుతున్నాం కదా, గట్టి స్ప్రింగు వేద్దాం’ అనే ఆలోచన కూడా వస్తుంది. ఇక్కడ చట్టం ఉంది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు దాటినా, గుండు బయల్దేరే శక్తి 20 జౌళ్లు దాటినా ఆ ఎయిర్‌గన్‌కి లైసెన్సు కావాలి. అర గ్రాము గుండు సెకనుకి 200 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 10 జౌళ్లు. వేగం 283 మీటర్లకి చేరిందంటే 20 జౌళ్లు! అంటే వేగం రెట్టింపు కూడా కానక్కర్లేదు, గీత దగ్గరికి వెళ్లిపోతాం. పైగా ఆ గట్టి స్ప్రింగుని ఆపే శక్తి పాత కొక్కేనికి ఉండదు.

అసలు ఆ 10 జౌళ్లే తక్కువేం కాదు. చర్మంలో దిగడానికి, కన్ను పోవడానికి అందులో ఎన్నో వంతు చాలు. రాతిగోడకో, రేకుకో తగిలి వెనక్కి తుళ్లినా అంతే. అందుకే ఇసక పెట్టె. అందుకే కొట్టేవాళ్లకీ, పక్కనున్నవాళ్లకీ కళ్లద్దాలు. ఒకవేళ కంటికి తగిలితే నలపడం, నీళ్లతో కడగడం, గుండుని లాగడం ఏదీ చెయ్యకూడదు. కంటిమీద ఒత్తిడి పడకుండా కాగితం గ్లాసులాంటిది బోర్లించి, అంటించి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంట్లో దిగిన గుండుని కూడా ఇంట్లో కెలకొద్దు.

చింతచెట్ల మీది అతిథులు

హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరికి వచ్చి, ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. ఊళ్లోవాళ్లు వాటి జోలికి పోరు. పోనివ్వరు. వాకిట్లో రెట్టలు పడుతున్నా సర్దుకుపోతారు. పిట్టల తుపాకి ఉన్న ప్రతి ఇంటి పిల్లలకీ ఆ ఊరిని ఒకసారి చూపించాలి.

చట్టం సంగతీ వాళ్లకి చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలుకని కొట్టినా, నెమలిని కొట్టినా నేరమే. చంపితేనే వేట అనుకోవద్దు. గాయపరచినా, కొట్టబోయినా ఆ చట్టం దృష్టిలో వేటే. గన్నుకి లైసెన్సు అక్కర్లేనంత మాత్రాన పిట్టని కొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. సర్వీసింగ్ చేసిన గన్ను తిన్నగా కొడుతుంది. కాబట్టి దాని ముందు ఏముండాలో ఇంకా గట్టిగా నిర్ణయించుకోవాలి. అట్టముక్క మీద గీసిన గుండ్రాలు, వాటి వెనక ఇసక. అంతకు మించి ఏమీ వద్దు.

ఇక సెలవులయ్యాక గన్నుని పైన పెట్టేటప్పుడు నాలుగు పనులు. ఒకటి, గుండు లేదని చూడండి. రెండు, స్ప్రింగు ఎక్కించి వదిలెయ్యకండి. నెలల తరబడి నలిగి ఉంటే దాని బిగువు పోతుంది, ఎవరైనా ట్రిగ్గర్ నొక్కే ప్రమాదమూ ఉంటుంది. మూడు, నూనె గుడ్డతో తుడిచి, గోడ మేకుకి కాకుండా తాళం ఉన్న బీరువాలో పెట్టండి. నాలుగు, గుండ్ల డబ్బా వేరే చోట దాచండి. ఆ తాళంచెవి ఎక్కడుందో పిల్లలకి తెలియకపోతే మీ సర్వీసింగ్ పూర్తయినట్టే!